పోశవ్వ పాట పూర్తయిన నెల

ఇప్పుడు బాణీలన్నిటికీ సొంతదారులున్నారు కదా. వాళ్ళ అనుమతి లేకుండా పాట ఎత్తుకుంటే, మా సంఘం హాలు పైకప్పుకున్న పెట్టె పసిగట్టి ఈల వేస్తుంది. ఆ ఈలకు పొరుగూరి కోళ్ళు వారం పాటు గుడ్లు పెట్టవు. అబద్ధమైతే వాటినే అడగండి.

నెలనెలా ఆ హాల్లో మేం సొంతంగా కట్టిన పాటలు పాడుకుంటాం. మా మరదలు పోశవ్వ, రిజర్వాయరులో మునిగిన తన ఊరి మీద పాట కట్టింది. బాణీ మాత్రం వాళ్ళమ్మ నాట్లు వేస్తూ పాడినదే. దాన్ని ఏదో కంపెనీ తన పేర రాయించుకుంది. రెండు నెలల్లో పోశవ్వకు రెండు ఈలలు పడ్డాయి. మూడోది పడితే ఇక జన్మలో అక్కడ పాడనివ్వరు.

"బాణీ మార్చరాదే," అన్నాను మూడో నెల హాల్లో కూర్చున్నాక.

"అమ్మను మార్చుమంటవా బావా?" అంటూ లేచి, అందరినీ నాటు వరసలా నిలబెట్టింది. "మా అమ్మోళ్ళు ఒక్కలే పాడిన్రా? ఒకలి దమ్ము ఆగినకాడ ఇంకొకలు అందుకుందురు. గట్లనే అందుకోండ్రి."

తలా ఒక ముక్క అందుకున్నాం. గొంతు మారినప్పుడల్లా పెట్టె వెతుకులాట మళ్ళీ మొదటికొచ్చేది. మునిగిన ఇళ్ళన్నీ దాటుకుని పాట చివరి గడపకు చేరింది. ఆ ముక్క నాది.

కళ్ళు మూసుకుని పాడేశాను. ఈల పడలేదు. పెట్టె మీద పచ్చదీపం వెలిగి, "ఇది పాట కాదు" అని అక్షరాలు వచ్చాయి.

పోశవ్వ ఏడుస్తూనే నవ్వింది. "నీ పాడు గొంతు పట్టుకొని మా ఊరు ఒడ్డెక్కింది బావా!"