చల్లారేదాకా

"అన్న ఆస్పత్రిలో మంచం మీద ఉంటే, నువ్విక్కడ బీరు కాస్తున్నావా వదినా?"

గుమ్మంలోనే హెల్మెట్ తీస్తూ అడిగాడు తోవాన్. వదిన న్యాను బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్దామని వచ్చాడు. డానాంగ్ నగరంలో ఎండ అప్పటికే మాడ్చేస్తోంది.

న్యా తలెత్తలేదు. పొయ్యి ఆర్పి, కుతకుతలాడుతున్న గిన్నె చెవికి గుడ్డ చుట్టింది.

"అటు చెవి పట్టుకో. తర్వాత తిడుదువుగాని."

"అక్కడ ఆయన ఒక్కడే..."

"పట్టుకో తోవాన్. కాలుతుంది, జాగ్రత్త."

ఇద్దరూ గిన్నెను వసారాలోకి మోసుకెళ్లి, ఐసు ముక్కలు నింపిన బట్టల టబ్బులో దించారు. ఐసు చిటపటమని పగిలింది. న్యా బార్లీ కషాయాన్ని గరిటెతో కలపసాగింది.

"ఇంత ఐసెందుకు? సాయంత్రానికి అదే చల్లారుతుందిగా."

"మెల్లగా చల్లారితే పాడైపోతుంది. పోయినసారి మీ అన్న ఫుట్‌బాల్ చూస్తూ కూర్చుని, గిన్నెడూ పారబోశాడు."

తోవాన్‌కు నవ్వొచ్చింది. "నాతో మాత్రం ఈస్టు మంచిది కాదన్నాడే."

"మీ అన్న ఏనాడు తప్పొప్పుకున్నాడు గనక."

తోవాన్ గరిటె అందుకున్నాడు.

"కాయమని అన్నే చెప్పాడా?"

"ఊఁ. రాత్రి నన్నింటికి పంపిస్తూ చెప్పాడు. తనొచ్చేసరికి తయారుగా ఉండాలట."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా, అనవసరంగా అరిచాను. తాగుతాడులే వదినా. డాక్టరు వద్దన్నా ఒక గుక్క తాగుతాడు. నేను గుమ్మంలో కాపలా ఉంటా."

న్యా మరికాస్త ఐసు టబ్బులో గుమ్మరించింది. థర్మామీటరు ముంచి చూసి, చాలంది. కషాయాన్ని జాడీలోకి వంపి, ఈస్టు చల్లి, మూత బిగించారు.

తోవాన్ చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. "ఈసారి పాడవలేదని అన్నకి చెబుతా. సంతోషిస్తాడు."

న్యా తడి చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"చెయ్యకు తోవాన్. ఆయన నాకు చెప్పిన ఆఖరి పని, సగంలో వదల్లేకపోయాను. నువ్వు రాకముందే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మీ అన్న పోయాడు."