లోపలి జేబు

మా అబ్బాయి కొట్టులోకి రాగానే కోడలు కుడుతున్న కోటును ఒళ్ళో దాచేసింది. వాడు బయటికెళ్ళాక అడిగాను.

"ఎవరిదే అది?"

"ఎవరో కస్టమరుదిలెండి అత్తయ్యా."

కళ్ళు మాత్రం టీవీ మీదే. పరాయి దేశంలో మొట్టమొదటిసారి ఒక ఆడమనిషి అధ్యక్షురాలయిందని పొద్దుటినుంచీ అదే వార్త. నా అనుమానం తీరక కోటు భుజాలను జానతో కొలిచాను.

"కస్టమరుకి అచ్చం నీ భుజాలే వచ్చాయేం?"

కోడలు సూది ఆపింది. "ఆవిడ గెలిస్తే నేనూ నిలబడదామనుకున్నా. గెలిచింది. రేపు మన దర్జీల సంఘం అధ్యక్ష పదవికి ఆయన మీద పోటీ చేస్తా. చెప్పేస్తారా?"

వాడు నేను కన్న కొడుకు. ఎప్పుడూ పోటీ లేకుండా గెలిచినవాడు. సంఘం తాళాలు వాడి కోటు లోపలి జేబు దాటి బయటికి రావు.

కోటు తిరగేసి చూశాను.

"ఆడవాళ్ళ కోటని లోపలి జేబు మానేశావా? మరి తాళాలెక్కడ పెట్టుకుంటావే?"