తేమ ఎక్కువ

“ఇంకోసారి సూడు బిడ్డా. ఇయ్యాల ఎండినయేమో” అంటూ మల్సూరు గుప్పెడు వడ్లు చాచాడు.

మిర్యాలగూడ దగ్గరి ఆ కొనుగోలు కేంద్రానికి కంప్యూటర్ ప్రోగ్రాం చూడటానికి వచ్చిన హారిక, గింజలను తేమ మిషన్‌లో పోసింది. పద్నాలుగు శాతం. పదిహేడు దాటకపోతే కాంటాకు, అంటే తూకానికి, టోకెన్ రావాలి. కంప్యూటర్ మాత్రం మళ్లీ ‘తేమ ఎక్కువ’ అంది.

హారిక ప్రోగ్రాం తెరిచింది. అది ఆమె రాసిందే. పదిహేడు దాటితే ఆ మాట పడాలని ‘ఇఫ్’ రాసింది. దాటకపోతే తీసెయ్యమని చెప్పే ‘ఎల్స్’ రాయలేదు. ఒక రైతు పేరు మీద ఒకసారి పడ్డ మాట ఇక పోదు.

“ఎన్ని రోజులైంది తాతా?”

“ఆరు రోజులాయె. ఎంత ఎండబోసినా గదే మాట. కంప్యూటర్ అబద్ధం చెప్పది గదా! తూకం పెరగాల్నని నా కోడలే నీళ్లు జల్లుతున్నదని అందరి ముందట తిట్టిన. నిన్న కోదాడకు, తల్లిగారింటికి పోయింది.”

హారిక ‘ఎల్స్’ కలుపుతూ రెండు లైన్లు రాసింది. టోకెన్ వచ్చింది.

“ఎండినయా!” ముసలాయన ముఖం వెలిగింది.

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది.

“వడ్లు ఎప్పుడో ఎండినయి తాతా. నేను రాసిందే తప్పు.”

మల్సూరు కోడలికి ఫోన్ కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

“గీ మాట దానికి చెప్పు. నాకు నోరొస్తలేదు.”

హారిక నోరు తెరిచేలోపే అవతలి గొంతు ఆత్రంగా అడిగింది.

“మామా, వడ్లు ఎండినాయా?”