ఈస్ట్రా అమ్మవారి పండగ

కొండ మీద ఈస్ట్రా అమ్మవారికి వసంతపు మంట వేసి, గుడ్లు పెట్టి మొక్కుతూ గెర్లింద్ కొత్త ఫాదర్ వుల్ఫ్రిక్ కంటబడింది. ఆమె జాతివాళ్లయిన సాక్సన్లని జయించిన క్రైస్తవ రాజు, వాళ్లు పాత దేవతల్ని కొలిస్తే తల తీయమని ఆజ్ఞ వేశాడు.

"తప్పయిపోయిందయ్యగారూ! ఇంకెప్పుడూ మంట వెయ్యను," అంటూ కాళ్ల మీద పడింది.

"ఎందుకు వెయ్యవూ? ఇకమీదట అది క్రీస్తు తిరిగి లేచిన పండగ మంట," అన్నాడు ఫాదర్ చల్లగా.

"మరి ఈ గుడ్లు?"

"అవీ ఉండనీ."

"పండగకి పేరేం పెడతారు?"

"ఈస్టరే. జనం నోట నానిన పేరు మార్చడమెందుకూ?"

గెర్లింద్‌కి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు నోరూ లేచింది.

"మంటా మాదే, గుడ్లూ మావే, పేరూ మా అమ్మవారిదే. ఇంక మారిందేంటయ్యా?"

ఫాదర్ మంట దగ్గర చేతులు కాచుకుంటూ నవ్వాడు.

"నిన్నటిదాకా ఈ పండగ చేస్తే తల పోయేదమ్మా. రేపట్నుంచి చెయ్యకపోతే పోతుంది."