నీలం మందు

సీసా జేబులో పెట్టుకోబోతుంటే ఎవరో కైర్‌బెక్ మోచెయ్యి పట్టుకున్నారు.

"అది వెనక్కిచ్చెయ్, తమ్ముడూ."

తిరిగి చూశాడు. డెబ్బై దాటిన కొరియన్ ముసలాయన. చెవుల మీదికి దిగిన టోపీ, చంకలో మడత స్టూలు. అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

ఆదివారం పూట పక్షులూ పెంపుడు చేపలూ అమ్మే అల్మాతీ సంతలో ఇలా అడ్డుపడేవాళ్ళకు కొదవ లేదు. కైర్‌బెక్ చెయ్యి విదిలించుకున్నాడు. అతనికి తీరిక లేదు.

శుక్రవారం కుల్యాష్ ఇంటికి వస్తోంది.

మూడు వారాల క్రితం కళ్ళ ఆపరేషన్‌కు వెళుతూ భార్య కోరింది ఒక్కటే, చేపల్ని చూసుకోమని. ఆరు ఏంజెల్ చేపలు. గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచి ఆమె పెంచినవి. చూపు మసకబారాక కూడా అద్దానికి ముక్కు ఆనించి ఏది ఏదో చెప్పేది. ఇప్పుడు రోజూ ఫోన్‌లో అదే మాట. కట్టు విప్పి ఇంటికి రాగానే ముందు వాటినే చూస్తుందట.

కనబడితే కదా చూడటానికి!

తొట్టి అద్దమంతా పచ్చగా పాచి పట్టింది. మొక్కల ఆకులకు నల్లటి నూగు. ఇవాళ గీకితే రేపటికి మళ్ళీ అంతే.

కొట్టతను ఎర్మెక్ నీలం మందు సీసా చేతిలో పెట్టి, ఒక్క మూత పోస్తే రెండు రోజుల్లో నీళ్ళు అద్దంలా అయిపోతాయన్నాడు. కైర్‌బెక్‌కు కావలసింది అదే.

ముసలాయన మాత్రం వదల్లేదు. తొట్టిలో దీపం ఎంతసేపు వెలుగుతుందని అడిగాడు.

రాత్రీ పగలూ అని చెప్పాడు కైర్‌బెక్. కుల్యాష్ లేని ఇంట్లో అవి చీకట్లో దిగులు పడతాయేమోనని ఆర్పలేదు. మేత కూడా మూడు పూటలా వేస్తున్నాడు.

ముసలాయన నవ్వలేదు.

"మీ ఇంట్లో కెటిల్ అడుగున సున్నం కడుతుందా?"

పిచ్చివాడని తేలిపోయింది.

"మాది కొండ మీది మంచు కరిగి వచ్చే నీళ్ళు పెద్దాయనా. ఇరవై ఏళ్ళయినా కెటిల్ కొత్తదానిలాగే ఉంటుంది."

"అందుకే వద్దంటున్నాను. సున్నం లేని నీళ్ళలో ఈ మందు చేపల మొప్పల్ని కాల్చేస్తుంది."

కైర్‌బెక్‌కు ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో మనిషిని తిట్టినా ఊరుకుంటారు గానీ నీళ్ళను అంటే ఊరుకోరు. టీకి ఇంతకన్నా మంచి నీళ్ళు దేశంలో ఎక్కడున్నాయో చూపించమన్నాడు.

ఎర్మెక్ పకపకా నవ్వాడు. ప్రతి ఆదివారం ఈయనది ఇదే తంతని, తన గిరాకీ చెడగొట్టడం తప్ప వేరే పని లేదని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు కైర్‌బెక్‌కు ఊతమిచ్చింది.

"అన్నీ తెలిసినవాడివి ఈపాటికి నీకూ ఒక కొట్టుండాలిగా? కూర్చునే చోటు కూడా లేక స్టూలు మోసుకు తిరుగుతున్నావేం?"

ముసలాయన స్టూలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"దీపం ఆపు. తొట్టి మీద దుప్పటి కప్పు. మూడు రోజులు మేత వెయ్యకు. తర్వాత మూడోవంతు నీళ్ళు మార్చు. నాలుగైదు రోజుల్లో తేటపడుతుంది."

గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

కైర్‌బెక్ ఇంటికి వెళ్ళి ఒక మూత మందు పోశాడు. సరిపోదేమోనని ఇంకో అర మూత.

సోమవారం సాయంత్రానికి పాచి తెల్లబడి రాలిపోయింది. ఎర్మెక్‌ను మనసులోనే మెచ్చుకున్నాడు.

మంగళవారం పొద్దున ఆరు చేపలూ నీళ్ళ మీద పక్కకు వాలి తేలుతున్నాయి.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. అలాంటివే ఆరు కొందామనుకున్నాడు. చూపు ఆననప్పుడే పోల్చుకున్న మనిషి ఇప్పుడు పోల్చుకోదా అని మానేశాడు.

శుక్రవారం కుల్యాష్ కోటు కూడా విప్పకుండా తొట్టి ముందుకు వెళ్ళింది. అద్దానికి ముక్కు ఆనించింది. ఆ మూల నుంచి ఈ మూల వరకు వెతికింది.

"నాకు చూపు ఇంకా సరిగ్గా వచ్చినట్టు లేదండీ. ఒక్కటీ కనబడటం లేదు."

"నీ కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు కైర్‌బెక్.

ఆమె వెళ్ళి కోటు విప్పి తగిలించింది. ఆ పూట టీ పెట్టలేదు.

ఆదివారం సంత తెరవకముందే కైర్‌బెక్ అక్కడున్నాడు. ఎర్మెక్ కోసం కాదు. ఆ ముసలాయన కనిపిస్తే నలుగురిలోనే క్షమాపణ అడగాలి. ఇంకోసారి చేపల్ని పెంచడం మొదలుపెట్టాలంటే ఏం చెయ్యాలో అడిగి తెలుసుకోవాలి.

మధ్యాహ్నమైనా ఆయన రాలేదు.

చేపల మేతకు పురుగులు అమ్మే నూర్జమాల్‌ను అడిగాడు. ఆమె జల్లెడ పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. స్టూలు మాట అన్నది నువ్వేనా అంది. ఆ పెద్దాయన, లిగాయ్ గారు, బుధవారం రైలెక్కి కరగాండాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని, ఇక రారని చెప్పింది. పదకొండేళ్ళలో ఎండ అని, మంచు అని ఒక్క ఆదివారం మానలేదట. ఎంతమంది నవ్వినా కదలని మనిషి, పోయిన ఆదివారం మాత్రం స్టూలు ఆమెకే ఇచ్చేసి ఇంక చాలమ్మా అన్నాడట.

"అంత అవసరం ఏమొచ్చిందమ్మా ఆయనకు? ఆ మందు అమ్మితే ఆయనకేం, అమ్మకపోతే ఆయనకేం?"

నూర్జమాల్ మళ్ళీ జల్లెడ అందుకుంది.

"దాన్ని తయారు చెయ్యడం ఆపమని ఫ్యాక్టరీ చుట్టూ తిరిగి, వాళ్ళు వినకపోతే ఇక్కడొచ్చి కూర్చున్నాడు బాబూ... ఆ నీలం మందు కనిపెట్టింది ఆయనే."