పక్కవీధి ప్రయాణం

"సంచిలో ఏముంది?" గేటు ఆఫీసరు గద్దించాడు.

"రెండు జతల బట్టలు, కూతురికి మందులు, మనవరాళ్ళకు గౌన్లు. అంతే బాబూ," అంది మిషనమ్మ. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిపెట్టే మనిషి కావడంతో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

ఆఫీసరు సంచి బల్లమీద బోర్లించాడు. గౌన్ల అంచులు కూడా విప్పి చూశాడు, పాడుగాను! ఈ గేటు దాటినవాళ్ళు దాటినట్టే. తిరిగొచ్చే ఆలోచన ఉందని అనుమానం వస్తే చాలు, వెనక్కి తోలేస్తారు, మళ్ళీ ఈ జన్మకు అనుమతి ఇవ్వరు. మొన్నటికి మొన్న వాచీలు బాగుచేసే ఆయన్ని జేబులో ఇంటి తాళంచెవి ఉందని అలాగే తరిమేశారు. అందుకే మిషనమ్మ తన తాళాలన్నీ కోడలి చేతిలో పెట్టి వచ్చింది.

"ఎక్కడికి?"

"అదిగో, ఆ గడియార స్తంభం వెనక్కి. కళ్ళెదురుగా ఉంటుందని పిల్లను పక్కవీధికే ఇచ్చుకున్నా బాబూ."

కళ్ళెదురుగానే ఉంది, ఏం లాభం? పెద్దలు కూర్చుని ఊరిని పంచినప్పుడు రైల్వేస్టేషను ఇటు వచ్చింది, పట్టాలు అటు పోయాయి. గడియారం ముఖం వాళ్ళకు, వీపు మనకు. చూసిపోయేవాళ్ళకు ఇదంతా వింత. ఇవాళ కూడా నలుగురు కంచె దగ్గర నిలబడి నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. అవతల అల్లుడు పోయి, కూతురు మంచం పట్టి, గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కులేక పడి ఉంది.

"కొడుకును వదిలేసి పోతున్నావా?" సాగనంపడానికి వచ్చి వెనక నిలబడ్డ కొడుకును చూపిస్తూ అడిగాడు ఆఫీసరు.

"వాడికి పెళ్ళాం ఉంది. దానికెవరున్నారు?"

"మళ్ళీ వీణ్ణి చూడాలనిపిస్తే?"

మిషనమ్మ పైకి నవ్వేసింది. "పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాగా ఆ మొహం! ఇంకా ఏం చూడను?"

"రేపు నువ్వు పోతే?"

"అక్కడి మట్టిలోనే కలిసిపోతా."

"ఇటు ఏ పనీ లేదు?"

"ఏ పనీ లేదు బాబూ. ఒట్టు."

ఆఫీసరు ఆవిడ కళ్ళలోకి చాలాసేపు చూశాడు. చివరికి విసుగ్గా ముద్ర గుద్దాడు. అడ్డుకర్ర పైకి లేచింది. అవతలి గేటు దగ్గర, దువ్వే దిక్కులేక జుట్టు చింపిరైపోయిన మనవరాలు "అమ్మమ్మా!" అంటూ గెంతింది.

అమ్మయ్య అనుకుని మిషనమ్మ సంచి చంకన పెట్టుకుంది. ఇంకొక్క అడుగు వేస్తే అవతల ఉంటుంది. అంతలో వెనక నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. మీసాలొచ్చిన మగాడు, పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు కొడుకు. ఆవిడ ఆగి, వెనక్కి తిరిగింది.

"ఛ, ఊరుకో నాన్నా, నలుగురూ చూస్తున్నారు. వేళకు తిను. కోడలి మీద అరవకు. మరి నే వెళ్ళొస్తా..."

"వస్తావన్నమాట!" అంటూ ఆఫీసరు అడ్డుకర్ర దించేశాడు.