అమ్మ టీవీలో యామిని

సీరియల్లో యామిని పాత్రకు డబ్బింగ్ చెప్పేది హైమవతి. యామిని ఒకప్పుడు శ్రీకర్‌ని ప్రేమించింది, ఇప్పుడు నళినిని ప్రేమిస్తోంది. రెండూ నిజమే. హైమవతి బతుకూ అదే. తల్లికి ఆ సంగతి ముఖాముఖి చెప్పలేక యామిని నోట చెప్పి, ఆ భాగం వచ్చే రోజు తల్లి పక్కనే కూర్చుంది.

ఏ ఇంటికి నచ్చినట్టు ఆ ఇంటికి టీవీలే కథ మార్చేసే రోజులవి. తెరమీద యామిని, "నేను ప్రేమించింది శ్రీకర్‌నొక్కణ్ణే. నువ్వు నాకు అక్కవి నళినీ," అంది, అచ్చం హైమవతి గొంతుతో.

"అమ్మా, నేను చెప్పింది అది కాదు. టీవీ మార్చేసింది."

"తెలుసే. నీ సంగతీ తెలుసు. టీవీయే నాకోసం సర్దుకుపోతోంది. కడుపున పుట్టినదానివి, నువ్వు సర్దుకోలేవూ?"

హైమవతి లేచి వెళ్లిపోయింది. తల్లి పిలవలేదు. కూతురి గొంతు సరిగ్గా వినపడాలని టీవీ సౌండు పెంచుకుంది.